వణకని చేతులు

ఒక లిఫ్టు మెకానిక్ నిన్న పట్టపగలు పన్నెండంతస్తుల భవనంలో నాలుగు లిఫ్టులూ ఆపేసి, పై గదిలో తాళాలన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లోపల ఇరుక్కున్న తొమ్మిదిమంది నలభై నిమిషాలపాటు తలుపులు బాదారు. లిఫ్టుల తాళ్ళు తెగబోతున్నాయనీ, ఆ చప్పుడు తనకొక్కడికే వినిపిస్తోందనీ అతనన్నాడు. తాగి ఉంటాడని అందరూ అన్నారు. తాగలేదని అతని అక్క ఒక్కత్తే బల్లగుద్ది చెప్పింది. ఎందుకంటే నూట అరవై మూడు రోజులుగా రోజూ పొద్దున్నే నోరు వాసన చూడనిదే ఆవిడ అతన్ని గడప దాటనివ్వలేదు. చివరికి భవనంవాళ్ళు ఒక మెట్టు దిగారు. ఇవాళ సాయంత్రం ఐదులోగా ఇతన్ని ఏదో ఒక ఆసుపత్రిలో చేర్చినట్టు కాగితం చూపిస్తే సరి, లేదంటే పోలీసు కేసు.

ఇప్పుడు మూడూ నలభై. కాగితం లేదు.

ఆ అక్కను యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో అందరూ కత్తెరమ్మ అంటారు. నలభై పొరల గుడ్డ ఒకదానిమీద ఒకటి పరిచి, పైన సుద్దతో గీత గీసి కోసిందంటే, అట్టడుగు పొరలో కూడా వెంట్రుకవాసి తేడా రాదు. చేతిమీద అంత పట్టున్న మనిషికి నోటిమీద కాస్తయినా లేదు. ఆ నోటితోనే ఆవిడ పొద్దుట్నుంచీ రెండు గుమ్మాలవాళ్ళతో తగువు పడుతోంది. ఒకటి మానసిక వైద్యశాల. రెండోది తాగుడు మాన్పించే కేంద్రం. ఒకే వీధిలో ఎదురెదురుగా ఉన్నాయి, ఒకదాని కిటికీలోంచి చూస్తే ఇంకోదాని వరండా కనిపిస్తుంది. కట్టించినవాళ్ళు జనానికి సౌకర్యంగా ఉంటుందనే కట్టి ఉంటారు పాపం.

పొద్దున తొమ్మిదింటికి వైద్యశాల కౌంటరులో కళ్ళద్దాల గుమస్తా తలెత్తకుండానే ప్రశ్నలు అడిగాడు. రోగికి తాగుడు ఉందా? పదకొండేళ్ళు తాగాడు, ఐదు నెలలకు పైగా ముట్టలేదు. పాత జబ్బు ఏమైనా? బైపోలార్ అని, మనసు ఒకసారి పొంగి ఒకసారి కుంగే జబ్బని నాలుగేళ్ళ క్రితం ఇక్కడి డాక్టరే చెప్పారు. మాత్రలు క్రమంగా వేసుకుంటున్నాడా? వేసుకుంటున్నాడంది కత్తెరమ్మ. గుమస్తా ఆ జవాబు రాసుకుని లోపలికి పంపాడు. లోపలి చిన్న డాక్టరు రెండు నిమిషాల్లో తేల్చేశాడు. మాత్రలు సరిగ్గా పడుతున్నా ఆరు రోజులుగా నిద్రపోకుండా ఇలా వాగుతున్నాడంటే ఇది ఆ జబ్బు కాదు, తాగుడు తాలూకు వ్యవహారమే, ముందు ఎదురుగా చూపించుకోండి అన్నాడు. పైగా ఒంట్లో చుక్క మందున్నా తాము ఆ రోజుకు చేర్చుకోమని గోడమీద బోర్డు చూపించాడు.

అక్కణ్ణుంచి వీధి దాటారు. మాన్పించే కేంద్రంలో మధ్యాహ్నం దాకా వరస. వరసలో నిలబడ్డంతసేపూ తమ్ముడు నోరు మూయలేదు. ఈ వీధిలో మొత్తం ఎన్ని లిఫ్టులున్నాయో, వాటి తాళ్ళు ఎన్నేళ్ళకోసారి మార్చాలో, మార్చకపోతే ఏ నెలలో ఏది తెగుతుందో ముందున్నవాళ్ళకీ వెనకున్నవాళ్ళకీ చెప్పాడు. అతని మాటల వేగానికి వినేవాళ్ళకు ఆయాసం వచ్చింది. ఒక ముసలాయన నిజమే కాబోలనుకుని, ఇంటికెళ్ళేటప్పుడు మెట్లమీదే వెళతానన్నాడు.

ఆఖరికి వాళ్ళ వంతు వచ్చింది. రిజిస్టరు దగ్గరున్నావిడ అరచేతిలో ఇమిడే యంత్రం ఒకటి ఇచ్చి ఊదమంది. ఒంట్లో మందు ఎంతుందో అది అంకెల్లో చెబుతుంది. తమ్ముడు మూడుసార్లు ఊదాడు. మూడుసార్లూ సున్నాయే. ఇంకెవరైనా అయితే ఆ సున్నా చూసి సంబరపడేవాళ్ళు. కత్తెరమ్మ ముఖం మాడిపోయింది.

ఇరవై మంచాలున్నాయనీ, వారంలోపు తాగినవాళ్ళకే అవి ఇస్తామనీ, మందు ఆపిన మొదటి రోజుల్లో మనిషి పడే నరకం కోసమే ఆ మంచాలనీ రిజిస్టరావిడ చెప్పింది. ఆవిడ చెప్పింది న్యాయమే. కానీ న్యాయం వినే స్థితిలో కత్తెరమ్మ లేదు.

“వీడు పదకొండేళ్ళు తాగాడమ్మా. ఇంకెంత తాగాలి మీ మంచానికి?”

“ఇవాళ తాగుబోతు కాదు కదమ్మా. మేం మాన్పించడానికి ఏముంది?”

“వాళ్ళేమో తాగుబోతంటున్నారు.”

“అయితే వాళ్ళని యంత్రం కొనుక్కోమనండి.”

కత్తెరమ్మకు ఒళ్ళు మండిపోయింది. తాగితే తాగాడని తరుముతారు, తాగకపోతే తాగలేదని తరుముతారు, మీ జీతాలు దేనికి అని అడిగింది. ఆ మాట వరండా అంతా వినబడింది. రిజిస్టరావిడకూ ఓపిక చచ్చిపోయింది. మీలాంటివాళ్ళని రోజూ చూస్తున్నాననీ, మంచం కోసం బయటికెళ్ళి నోట్లో మందు పోసుకుని పుక్కిలించి వస్తారనీ, అందుకే పావుగంట కూర్చోబెట్టి మళ్ళీ ఊదిస్తామనీ, గుటక దిగకపోతే రెండోసారికి దొరికిపోతారనీ గడగడా చెప్పేసింది. కోపంలో నోరు జారిన మాట అది. కత్తెరమ్మ మాత్రం దాన్ని జారనివ్వలేదు.

తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, ప్రహరీ పక్కన సైకిళ్ళు పెట్టేచోట ఉన్న సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టింది. వీధికి అవతల తమ్ముడు పనిచేసే లిఫ్టు కంపెనీ వ్యాను ఆగి ఉంది. అందులో సూపర్‌వైజరు స్టీరింగు మీద చేతులు ఆనించి వీళ్ళనే చూస్తున్నాడు. కాగితం వస్తే పట్టుకెళ్ళడానికి, రాకపోతే పోలీసులకు ఫోను చెయ్యడానికి వచ్చాడు. కదలకు, ఇప్పుడే వస్తానని తమ్ముడికి చెప్పి ఆవిడ వీధి చివరికి నడిచింది.

వీధి చివర మందుల దుకాణం, దాన్ని ఆనుకునే మందు దుకాణం. కత్తెరమ్మ జీవితంలో అలాంటి కౌంటరు ముందు నిలబడలేదు. తమ్ముడు ఎక్కడ తాగి పడిపోయినా వెళ్ళి ఎత్తుకొచ్చింది కానీ, ఈ గీత మాత్రం దాటలేదు. ఏది కావాలని అడిగాడు దుకాణంవాడు. ఆవిడకు పేర్లు తెలియవు. పదకొండేళ్ళ అనుభవంతో వాసన చూసి అతను తాగింది ఏ రకమో చెప్పగలదు కానీ, సీసా మీద ఏం రాసి ఉంటుందో ఎప్పుడూ చదవలేదు. చిన్నది ఏదో ఒకటి ఇవ్వమంది. వాడు ఇచ్చినదాన్ని చేతిసంచిలో పెట్టుకుంది. వెనక ఎవరో నవ్వారు. నవ్వితే నవ్వారు, ఐదింటికి పోలీసులు వచ్చి వీణ్ణి లాకప్పులో పడేస్తే వీడు బతకడు, అక్కడ నలుగురు చేరి కొడతారు, వీడు ఆ తాళ్ళ సంగతే చెబుతూ ఇంకా తన్నులు తింటాడు అనుకుంటూ గబగబా నడిచింది.

తమ్ముడు బెంచీ మీదే ఉన్నాడు. ఆశ్చర్యంగా, మాట్లాడ్డం లేదు. రెండు అరచేతులూ ముందుకు చాపి వాటినే చూసుకుంటున్నాడు. కత్తెరమ్మ పక్కన కూర్చుని, సంచి మూతి తెరిచి, లోపలున్నది అతనికి కనబడేలా వంచింది.

“తాగు,” అంది. “రెండు గుటకలు చాలు. పావుగంట ఆగి లోపలికెళ్ళి ఊదుదువుగాని.”

అతను సీసాను చూశాడు, అక్కను చూశాడు. మళ్ళీ చేతులకేసి చూసుకున్నాడు.

“చూడక్కా, అస్సలు వణకడం లేదు.”

“ఇప్పుడు చేతుల గోలేంట్రా? టైము నాలుగవుతోంది.”

“మాత్రలు వేసుకున్నన్నాళ్ళూ వణికేవి,” అన్నాడు అతను. గొంతు హెచ్చలేదు. పొద్దుట్నుంచీ వరదలా వచ్చిన మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే వస్తున్నాయి. “కప్పు పట్టుకుంటే టీ తొణికేది. నీకు నామోషీగా ఉండేది.”

కత్తెరమ్మ సంచి మూతి ముడిచింది.

ఆ సంగతి ఆవిడకు కొత్తదేం కాదు. మనసు కుదురుగా ఉంచే ఆ మాత్రలకు చేతులు సన్నగా వణకడం మామూలేనని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. చెబితే ఏం లాభం, ఆ డాక్టరు వచ్చి ఇరుగుపొరుగుకు చెప్పడుగా. తాగుడు మానిన నాలుగో నెలలో తమ్ముడు కంపెనీలో టీ తాగుతుంటే కప్పు గడగడలాడింది. అది చూసి ఇదే సూపర్‌వైజరు ‘మళ్ళీ మొదలెట్టాడా?’ అని అడిగాడు. అతను అక్కకోసం వచ్చినప్పుడు కార్ఖానాలో కుట్టుపనివాళ్ళు కూడా ఆ చేతుల్ని చూసి ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. రోజూ నోరు వాసన చూసి, అలమర తలుపు లోపల సుద్దతో ఒక్కో గీతా గీసుకుంటూ వస్తున్న మనిషికి ఎలా ఉంటుంది చెప్పండి. నిజంగా మానేసినవాణ్ణి లోకం తాగుబోతు అంటుంటే ఆవిడ తట్టుకోలేకపోయింది. ఒక రోజు కార్ఖానా నుంచి వస్తూ వస్తూ ఆసుపత్రికి వెళ్ళొచ్చాననీ, మాత్రలు ఇక అక్కర్లేదని డాక్టరు చెప్పాడనీ అంది. ఆవిడ ఆసుపత్రి ఛాయలకు కూడా పోలేదు. మిగిలిన మాత్రల్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసింది.

వారం తిరిగేసరికి చేతులు కుదురుకున్నాయి. పక్షం తిరిగేసరికి మనిషే మారిపోయాడు. తెల్లారకుండా లేచి ఇల్లంతా సున్నం వేశాడు. ఇద్దరి పని ఒక్కడే చేసి సూపర్‌వైజరు చేత శభాష్ అనిపించుకున్నాడు. మా తమ్ముడు బాగుపడ్డాడని కత్తెరమ్మ కనబడినవాళ్ళకల్లా చెప్పుకుంది. నిద్ర తగ్గుతోందని గమనించింది, మాట పెరుగుతోందని గమనించింది. అయినా పొద్దున్నే ‘ఊదు’ అంటే నోట్లోంచి పళ్ళపొడి వాసన తప్ప ఇంకేం రావడం లేదుగా. ఆవిడ ముక్కుకు అందని జబ్బు ఆవిడ దృష్టిలో జబ్బే కాదు.

“డాక్టరు ఆపమన్నాడని చెప్పావు,” అన్నాడు తమ్ముడు.

“ఆపమన్నాడు.”

“మరి పొద్దున ఆ కళ్ళద్దాలాయన అడిగితే వేసుకుంటున్నాడని ఎందుకన్నావు?”

పొద్దున ఆ మాట అంటున్నప్పుడు అతను పక్కనే గోడకు చెవి ఆనించి లిఫ్టు చప్పుడు వింటున్నాడు. వాడికేం వినబడుతుందిలే అనుకుంది. ఆరు రోజులుగా అతని మాటలు ఎవరూ చెవిన వేసుకోవడం లేదు కనుక, ఎవరి మాటలూ అతని చెవిన పడడం లేదని ఆవిడ అనుకున్నట్టుంది.

“విన్నావా?” అంది.

“నా చెవులకేం జబ్బు లేదక్కా. లేని చప్పుళ్ళు కూడా వినబడుతున్నాయి, ఉన్న మాట వినబడదా?”

వినబడితే అప్పుడే ఎందుకు అనలేదని ఆవిడ ఎదురు తిరిగింది. తప్పు దొరికిపోయిన మనిషికి వచ్చే కోపం మామూలు కోపంకంటే రెండు రెట్లుంటుంది. పదకొండేళ్ళు నిన్ను రోడ్లమీంచి ఎత్తుకొచ్చింది ఎవరు, నీ పెళ్ళాం వెళ్ళిపోయిననాడు నీ నోట్లో ఇంత ముద్ద పెట్టింది ఎవరు, నాకు కాపురం లేదా, కార్ఖానా లేదా, నా బతుకంతా నీ నోరు వాసన చూడ్డానికే సరిపోయింది, ఒక్క మాత్ర ఆపితే ఇంత రాద్ధాంతమా అని దులిపేసింది. వ్యానులోంచి సూపర్‌వైజరు తల బయటపెట్టి చూశాడు. తమ్ముడు అన్నీ విన్నాడు. ఒక్కటీ కాదనలేదు.

“అవన్నీ నిజమే,” అన్నాడు. “నువ్వు చెబుతావేమో అని పొద్దుట్నుంచీ చూశాను. నేను చెబితే ఎవరు నమ్ముతారు? పిచ్చోణ్ణి, పైగా తాగుబోతుని. నువ్వు చెబితే నమ్ముతారు. ‘మాత్రలు నేనే ఆపాను’ అంటే చాలు, ఆ డాక్టరు ఈపాటికి నాకు సూది పొడిచి పడుకోబెట్టేవాడు. ఆరు రోజులైందక్కా నిద్రపోయి. నా తలకాయ నేను మొయ్యలేకపోతున్నాను. నీకేమో ఆ మాట చెప్పడంకంటే నాకు మందు పొయ్యడమే తేలికైంది.”

ఇంతకాలం ఎవరితో తగువు పడ్డా కత్తెరమ్మదే పైచెయ్యి. ఇవాళ ఎదురుగా ఉన్నవాడికి ఆరు రోజులుగా నిద్ర లేదు, మతి నిలకడ లేదు, అయినా వాడన్న మాటలో ఒక్క పొల్లు లేదు. సిగ్గుతో చెవులు భగ్గుమన్నాయి. చెత్తబుట్టలో వేసిన ఆ మాత్రల పొట్లం కళ్ళముందు కనబడింది.

తమ్ముడు చెయ్యి చాపి సంచిలోంచి సీసా తీసుకున్నాడు. మూత తిప్పాడు. ఆ వాసన గుప్పుమనగానే కత్తెరమ్మ అలవాటుకొద్దీ ముఖం చిట్లించింది, ఆ వెంటనే ఇది తను కొన్నదేనని గుర్తొచ్చి తల దించుకుంది.

“ఏదో ఒకటి తేల్చక్కా,” అన్నాడు. “నువ్వు అక్కడికెళ్ళి చెబుతావా, నేను ఇక్కడ తాగనా? ఒక్కసారి గుటక పడిందంటే నేను రెండుతో ఆగను. ఆ సంగతి నీకూ తెలుసు.”

ఆవిడకు తెలుసు. రెండు గుటకలు అన్నప్పుడు కూడా తెలుసు. ఇటు మంచం దొరికితే చాలనుకుంది, తర్వాత సంగతి తర్వాత అనుకుంది. ఇప్పుడు అతని చేతిలో తెరిచిన సీసా చూస్తుంటే, తను కొనిచ్చింది మంచం కాదని అర్థమైంది. లాక్కోబోయింది. అతను సీసాను వెనక్కి పెట్టుకుని, ముందు వెళ్ళి చెప్పి రా అన్నాడు. చెప్పేదాకా ఇది నా దగ్గరే ఉంటుంది, నువ్వు చెబుతావని నాకు నమ్మకం లేదు అన్నాడు. ఎప్పుడూ ఆవిడ అతనితో అనే మాట అది.

కత్తెరమ్మ లేచింది. నాలుగూ ఇరవై. వీధి దాటుతుంటే సూపర్‌వైజరు వ్యాను దిగి, ఏమైంది, దొరికిందా అని అడ్డం వచ్చాడు. ఈ మనిషి రెండు నెలల కింద అడిగిన ఒక్క ముక్కకు భయపడే కదా ఇదంతా చేసింది. దారి వదలమని ఒక్క చూపు చూసి ముందుకు పోయింది. మామూలుగా అయితే నాలుగు వడ్డించేది. ఇవాళ ఆ నాలుగూ తనకే తగులుతాయని తెలుసు.

వైద్యశాల కౌంటరు ముందు ఎనిమిదిమంది ఉన్నారు. ఆవిడ వరసను పట్టించుకోకుండా నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎవరో అభ్యంతరం చెప్పారు. కళ్ళద్దాల గుమస్తా తలెత్తి, పొద్దున వచ్చి పోట్లాడిన మనిషే అని గుర్తుపట్టి, మళ్ళీ ఏంటన్నట్టు చూశాడు.

“పొద్దున మీకు అబద్ధం చెప్పాను,” అంది కత్తెరమ్మ. గొంతు తగ్గించలేదు, వెనకున్న ఎనిమిదిమందికీ వినబడింది. “మావాడు మాత్రలు వేసుకోవడం లేదు. నేనే మాన్పించాను. డాక్టరు చెప్పాడని వాడితో కూడా అబద్ధమాడాను. చేతులు వణుకుతుంటే తాగుబోతంటారని భయపడి ఆపాను. వాడు తాగలేదు, ఎదురుగా యంత్రంలో మూడుసార్లు సున్నా వచ్చింది, కావాలంటే వెళ్ళి అడగండి. ఇది వాడి తప్పు కాదు.”

గుమస్తా కళ్ళద్దాలు తీసి ఆవిడ ముఖంలోకి మొదటిసారి సరిగ్గా చూశాడు. ఎన్నాళ్ళయింది ఆపి అని అడిగాడు. రెండు నెలలంది. గుమస్తా లేచి లోపలికి వెళ్ళి చిన్న డాక్టరుతో మాట్లాడి వచ్చాడు. ఒక పసుపు కాగితం తీసి, దానిమీద ముద్ర కొట్టి, కిటికీలోంచి ముందుకు తోశాడు.

“మంచం ఉంది. రోగిని వెంటనే తీసుకురండి,” అన్నాడు. “ఒంట్లో చుక్క మందు లేదు కదా? ఉంటే మాత్రం ఇవాళ కుదరదు. మళ్ళీ చెబుతున్నాను.”

లేదంది కత్తెరమ్మ. ఈసారి నిజమే చెప్పానన్న తేలికతో, కాగితం రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిరిగింది.

తమ్ముడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఆవిడ చెప్పింది ఎంతవరకు విన్నాడో తెలియదు. కుడిచేతిలో సీసా. అందులో మెడ దాకా ఉండాల్సిన మందు భుజం కిందికి, చాలా కిందికి దిగి ఉంది. పెదవులు బిగించి ఉన్నాయి. బుగ్గలు రెండూ నిండుగా ఉబ్బి ఉన్నాయి, అయినా సీసాలో తగ్గినదంతా ఆ బుగ్గల్లో పట్టదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

“చెప్పేశాన్రా,” అంది కత్తెరమ్మ కాగితం చూపిస్తూ. “అందరి ముందూ చెప్పేశాను. ఉమ్మెయ్.”

అతను ఆ కాగితాన్ని చూశాడు. అక్క ముఖంలోకి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.